ఏమీ నొక్కకపోతే ఏం రావాలి?

ఈ సంక్రాంతికి మా అబ్బాయి బెంగళూరు నుంచి వస్తూ ఒక పెన్ డ్రైవ్ తెచ్చాడు. సంచీలోంచి స్వీటు డబ్బా కంటే ముందు అదే తీశాడు. "అమ్మా, విండోస్ 10 పనైపోయింది కదా, మన కంప్యూటరుకి 11 ఎక్కదు. లినక్స్ వేసేస్తాను, ఇంకో ఐదేళ్ళు లాగించొచ్చు" అన్నాడు.

నిజమే. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు వాళ్ళు విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేశారు. 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనేది ఉండాలట, మాదాంట్లో లేదు. మెషీను మాత్రం గుండ్రాయిలా ఉంది. పారేయడానికి చేతులు రావు. ఇలాంటి ఇళ్ళు ఈ పండక్కి మా గొలుగొండలోనే ఎన్నో ఉండి ఉంటాయి, పట్నంనుంచి వచ్చిన పిల్లలు పెన్ డ్రైవులు తీసిన ఇళ్ళు.

అరిసెల మూకుడు దించి, "వెయ్యి నాన్నా. కానీ మెనూ మాత్రం నేను చెప్పినట్టు పెట్టాలి" అన్నాను. వాడు నవ్వాడు. ఎందుకన్నానో వాడికి తెలుసు. మీకు చెప్పాలి.

మెనూ అంటే హోటల్లోది కాదు. కంప్యూటరు స్విచ్చి వెయ్యగానే, విండోసో లినక్సో ఇంకా రాకముందు, నల్లటి తెరమీద నాలుగైదు లైన్లు కనబడతాయి చూడండి, అది. ఏ డిస్కులోంచి ఏ సిస్టమ్ మొదలెట్టాలో అడిగే చోటు. బూట్ లోడర్ అనే చిన్న ప్రోగ్రాము దాన్ని చూపిస్తుంది. కింద అంకెలు తగ్గుతూ ఉంటాయి, పది, తొమ్మిది, ఎనిమిది. అవి అయిపోయేలోపు ఎవరూ ఏమీ నొక్కకపోతే, తనకి ముందే చెప్పిపెట్టిన లైను పట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ చెప్పిపెట్టిన లైను ఏదై ఉండాలన్నదే నా గొడవంతా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నలుగురు వాడే ఇంటి కంప్యూటరు, ఎవరూ ఏమీ నొక్కకపోతే, ఇంటి హార్డ్ డిస్కులోకే వెళ్ళాలి. ముందునుంచీ ఉన్న దాంట్లోకి, అందరికంటే తక్కువ తెలిసినవాళ్ళు వాడే దాంట్లోకి. కొత్తది కావలసిన వాళ్ళకి బాణం మీట నొక్కడం వచ్చు, వాళ్ళే నొక్కుకుంటారు. దీనికింత రాయాలా అనుకుంటున్నారేమో. 2020లో మా ఇంట్లో జరిగింది విని, ఆ తర్వాత అనుకోండి.

అప్పటికి మాది ఇంకా విశాఖపట్నం జిల్లాయే. అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఇప్పటికీ అడ్రసు రాసేటప్పుడు నా చెయ్యి పాత జిల్లా పేరే రాసి కొట్టేస్తుంది. అప్పటి కంప్యూటరు 2012లో నర్సీపట్నంలో కొన్నది, విండోస్ 7. మా ఆయన ఎరువుల కొట్టు లెక్కలు ఏడాదికోసారి, మార్చిలో, అందులోకి ఎక్కేవి. మిగతా పదకొండు నెలలూ అది మామయ్యగారిది.

మామయ్యగారు రిటైరైన బడిపంతులు. అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్ళు. పొద్దున్న ఆరింటికి కాఫీ తాగి, గంటసేపు కూర్చుని మా వైపు మాటలు టైపు చేసేవారు. గెడ్డ, కల్లం, బుగత, కంబారి, గుంటడు. ఒక్కో మాట, దాని కింద అది ఏ పని దగ్గర విన్నారో, కృష్ణదేవిపేట వైపు ఎలా అంటారో, మాకవరపాలెం వైపు ఎలా అంటారో. తెలుగు బీఏ చదివిన దాన్ని కాబట్టి నాకు చూపించి, "ఈ మాట మీ క్లాసు పుస్తకాల్లో ఉందా అమ్మా?" అని అడిగేవారు. చాలామటుకు లేవు. లేవని చెప్తే ఆయన మొహం వెలిగిపోయేది.

టైపింగు ఆయన అరవై దాటాక ఒక డీటీపీ కొట్టులో కూర్చుని నేర్చుకున్నారు. అను ఫాంట్లు. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ ఏవేవో గుర్తులూ కనబడతాయి. అంచేత ఆయనకి ఆ విండోసే కావాలి, ఆ హార్డ్ డిస్కే కావాలి. లినక్సులో తెలుగు లేదని కాదు నేననేది. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వాళ్ళు ఏనాడో తెలుగులో లినక్సు తెచ్చారు. ఆయన వేళ్ళకి అలవాటైన కీబోర్డు, ఆయన ఎనిమిదేళ్ళ ఫైళ్ళు మాత్రం ఇక్కడున్నాయి.

విండోస్ 7కి మద్దతు ఆగిపోయిన రోజు 2020 జనవరి 14. సరిగ్గా భోగి. ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న మావాడు భోగిమంట చల్లారకముందే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. హార్డ్ డిస్కు ముట్టుకోను, నాన్న లెక్కలున్నాయి అన్నాడు, అంతవరకు మంచి పని. లినక్సు ఒక పెన్ డ్రైవులో పెట్టి, దాన్ని కేబినెట్టు వెనక గుచ్చి, మెషీను ముందు పెన్ డ్రైవునే చూసేలా మార్చాడు. ఎనిమిదో తరగతి చదివే చెల్లెలు బొమ్మలు గీసుకోడానికీ, ప్రోగ్రాములు నేర్చుకోడానికీ. మెనూలో ఐదు లైన్లు. ఒకటి లినక్సు. రెండు, అదే లినక్సుని కంప్యూటర్లోకి శాశ్వతంగా ఎక్కించడం. మూడు, నాలుగు ఏవో పరీక్షలు. ఐదోది, లోకల్ హార్డ్ డిస్క్. పది సెకన్లు ఆగితే ఒకటో లైను. తాతయ్యకి చెప్పవే అని చెల్లెలికి అప్పజెప్పి, కనుమ వెళ్ళిన మర్నాడు వాడు హాస్టలుకి వెళ్ళిపోయాడు.

చెల్లెలు చెప్పింది. "ఐదోది నొక్కు తాతయ్యా, నీది వస్తుంది."

శివరాత్రి దగ్గరపడ్డాక గమనించాను. కీబోర్డు మీద కప్పే గుడ్డ కదల్లేదు. దానిమీద దుమ్ము. పొద్దున్న ఆరింటికి మామయ్యగారు అరుగుమీద ఊరికే కూర్చుంటున్నారు. అడిగితే "కళ్ళు లాగుతున్నాయమ్మా" అన్నారు. నేను శుక్లాలనుకున్నాను. కంటి డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలా అని మా ఆయనతో మాట్లాడుతున్నాను కూడా. ఇంతలో చిన్నది వచ్చి, "అమ్మా, తాతయ్య నన్నొక మాట అడిగాడు, నీకు చెప్పొద్దన్నాడు" అంది. చెడిపోయిన కంప్యూటరు బాగు చేయించాలంటే ఎంతవుద్ది అని అడిగారట. ఆయన పెన్షనులోంచి ఇద్దామని.

ఆ రాత్రి పక్కన కూర్చుని మెల్లిగా అడిగితే చెప్పారు. "ఐదో లైనే నొక్కానమ్మా. లోకల్ అని ఉంది, లోకల్ అంటే ఇక్కడిదే కదా. నొక్కితే మళ్ళీ ఆ ఐదు లైన్లే వచ్చాయి. నాలుగుసార్లు నొక్కాను. నాకే నొక్కడం రావట్లేదనుకున్నాను. నాది మళ్ళీ ఎక్కించాలేమో అని రెండోది నొక్కాను. ఏవో అడిగింది. సరే సరే అంటూ పోయాను. చివర్లో ఎరేజ్ డిస్క్ అని వచ్చింది. ముప్ఫై ఐదేళ్ళు బోర్డు తుడిచినవాణ్ణి, ఆ మాట తెలుసు. గోడ స్విచ్చి ఆపేశాను. అప్పటికే చెరిగిపోయిందేమో. వాడి లెక్కలూ పోయాయేమో. మార్చి వస్తోంది."

నెల రోజులు ఆ భయం మోశారు ఆయన. కొడుకుతో ఒకే కంచం పక్కన కూర్చుని అన్నం తింటూ.

పొద్దున్నే నేను వెళ్ళి ఐదో లైను నొక్కాను. తెర ఒకసారి ఆరి, మళ్ళీ అదే మెనూ. ఆయన చేసింది తప్పు కాదు. లైను మీద రాసింది ఒకటి, అది చేసేది ఇంకొకటి. పెన్ డ్రైవు పీకేసి స్విచ్చి వేస్తే విండోస్ 7 మామూలుగా లేచింది. మామయ్యగారిని పిలిచాను. కుర్చీలో కూర్చోకుండానే వంగి, ముందు మా ఆయన లెక్కల ఫోల్డరు తెరిచి చూశారు. తర్వాతే తన మాటలవి. అన్నీ ఉన్నాయి.

మావాడికి ఫోను చేశాను. "నా లాప్‌టాప్‌లో పనిచేసిందే!" అన్నాడు. ఈ మాట ఇంజనీర్ల నోట తర్వాత కూడా చాలాసార్లు విన్నాను. సంగతేమిటో వాడు చదివి తెలుసుకుని మర్నాడు చెప్పాడు. అది నాకు భలే నచ్చింది, అందుకే గుర్తుంది. పాతకాలపు బయోస్ మెషీన్లలో హార్డ్ డిస్కులకి వరస నంబర్లుంటాయి. చాలా మెషీన్లు ఏ పరికరంలోంచి మొదలయ్యాయో దానికే మొదటి నంబరు ఇచ్చేస్తాయి. అంటే పెన్ డ్రైవు గుచ్చి మొదలెడితే అదే మొదటి డిస్కు అవుతుంది, ఏళ్ళ తరబడి లోపల బిగించి ఉన్న ఇంటి డిస్కు రెండోది అయిపోతుంది. మొదటి డిస్కుకి వెళ్ళు అంటే పెన్ డ్రైవు తన దగ్గరికే తను వెళ్ళి, తన మెనూ తనే మళ్ళీ చూపిస్తోంది. నిన్న వచ్చిన చుట్టం నడింట్లో మంచం వేసుకుని, ఇంటాయన్ని వసారాలోకి పంపినట్టు.

సరిచెయ్యడం ఫోనులో వాడు చెప్తుంటే నేనే చేశాను. పెద్ద బ్రహ్మవిద్య కాదు. వాడు వాడిన బూట్ లోడరు సిస్‌లినక్స్. హెచ్. పీటర్ ఆన్విన్ అనే ఆయన రాసింది. దాని మెనూ అంతా పెన్ డ్రైవులో ఒక మామూలు టెక్స్టు ఫైలు. విండోసులో నోట్‌ప్యాడుతో తెరిస్తే తెరుచుకుంటుంది. ఐదో లైను కింద ఉన్నది తీసేసి, చైన్ అనే తోడు ప్రోగ్రాముని పిలిచి, హెచ్‌డీ1 అని రాశాం. అక్కడ లెక్క సున్నాతో మొదలు, అంచేత ఒకటి అంటే రెండో డిస్కు. పక్కన స్వాప్ అని కూడా చేర్చమన్నాడు. ఎందుకంటే విండోసుకి తను మొదటి డిస్కులో ఉన్నాననే నమ్మకం. ఆ మాట చేరిస్తే రెండు నంబర్లూ తారుమారు చేసి దాని నమ్మకం నిలబెడుతుంది.

తర్వాత ఆ లైనుని అన్నిటికంటే పైకి తెచ్చి, ఏమీ నొక్కకపోతే ఇదే అని రాశాం. గడువు ముప్ఫై సెకన్లు చేద్దామని 30 అని కొట్టాను. స్విచ్చి వేస్తే రెప్పవేసేలోపు వెళ్ళిపోయింది. చిన్నది "నా లినక్సు పోయింది" అని గోల. తీరా చూస్తే సిస్‌లినక్సులో లెక్క సెకన్లలో కాదు, సెకనులో పదోవంతుల్లో. 30 అంటే మూడు సెకన్లు. 300 అని రాశాక అది కుదుటపడింది.

రెండో లైను, ఆ శాశ్వతంగా ఎక్కించే లైను, పూర్తిగా తీసేయించాను. మావాడు "ఉండనీ అమ్మా, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు. పనికొచ్చిన రోజు నువ్వే వచ్చి పెట్టుకో అన్నాను. ఫినాయిలు సీసా కూడా పనికొచ్చేదే, అలాగని నూనె డబ్బా పక్కన పెడతామా?

పేర్లు కూడా మార్చాను. తెలుగులో రాద్దామంటే ఆ నల్ల తెరకి ఉన్నవి 256 అచ్చు బొమ్మలే, మన గుణింతాలూ ఒత్తులూ అందులో ఇమడవు. ఇంగ్లీషు అక్షరాల్లోనే "తాతయ్యది", "చెల్లిది" అని కొట్టాను. లోకల్ హార్డ్ డిస్క్ అన్న మాటలో తప్పేం లేదు, కానీ అది మెషీను వైపునుంచి చూసి పెట్టిన పేరు. మా ఇంట్లో ఎవరికైనా కావలసింది ఎవరిది ఎక్కడుందన్నదే.

ఇంక మావాడి వాదన. అది తీసిపారేసేది కాదు. "చెల్లి రోజూ నాలుగుసార్లు వాడుతుంది, తాతయ్య ఒకసారి. ఎక్కువ వాడేవాళ్ళది కదా ముందుండాలి?" అన్నాడు. వంటింట్లో నేనూ అదే పద్ధతి. ఉప్పు, పోపులపెట్టె చేతికందే చోట, పులిహోర గంగాళం అటక మీద. చాలాసేపు ఆలోచించాను. తేడా ఎక్కడ తెలిసిందంటే, వంటింట్లో చెయ్యి తప్పు డబ్బా మీద పడితే పెట్టేసి ఇంకోటి తీసుకుంటాను. మా చిన్నది తప్పు లైనులోకి వెళ్తే విసుక్కుని మళ్ళీ స్విచ్చి వేస్తుంది, అర నిమిషం పోతుంది. మామయ్యగారు తప్పు లైనులోకి వెళ్తే నెల పోయింది. ఎవరు ఎన్నిసార్లు కూర్చుంటారని కాదు, తప్పులోంచి ఎవరు వెనక్కి రాలేరని చూడాలని నేనంటాను.

"అయితే చివరిసారి ఎవరు ఏది వాడితే అదే మళ్ళీ వచ్చేలా పెట్టొచ్చు" అన్నాడు. గ్రబ్ అనే ఇంకో బూట్ లోడరులో ఆ సదుపాయం ఉందట, పోయినసారి ఎంచుకున్నది గుర్తుంచుకుంటుంది. ఒక్కరే వాడితే బాగానే ఉంటుంది. నలుగురు వాడే చోట రాత్రి ఎవరు కూర్చున్నారన్న దాన్నిబట్టి పొద్దున్న ఆయనకి ఏం వస్తుందో మారిపోతుంది. పెద్దవాళ్ళకి కష్టం కొత్తదనంతో కాదు, రోజుకో రకంగా ఉండడంతో.

మా ఆయనది మరీ సులువైన పరిష్కారం. "ఆ పుల్ల పీకేస్తే పోలా?" అని. పోతుంది, చిన్నదాని చదువు కూడా పోతుంది. పైగా కేబినెట్టు బల్లకిందా గోడవైపూ ఉంది. ఆ పోర్టు వెతుక్కుంటూ మామయ్యగారు రోజూ వంగాలా?

ఇదంతా పాత పెన్ డ్రైవు కథ కదా, ఇప్పుడు ఇవన్నీ ఎందుకు అంటారేమో. ఇప్పుడు పిల్లలు లినక్సుని డిస్కులోనే పక్కన ఎక్కిస్తున్నారు, మెనూ గ్రబ్‌ది. అక్కడ మాములుగా వచ్చేది ఇంకా తమాషా. లినక్సే మొదటి లైను, ఏమీ నొక్కకపోతే లినక్సే. 2021లో వచ్చిన 2.06 నుంచి గ్రబ్ పక్కనున్న వేరే సిస్టములని తనంతట తను వెతకడం మానేసింది, భద్రత కోసమట. అంటే కొన్నిసార్లు విండోస్ లైనే మెనూలో కనబడదు. డిస్కులో అంతా క్షేమంగానే ఉంటుంది, దారి మాత్రం ఉండదు. ఎక్కించినవాడు ఆ వెతికే ప్రోగ్రాముని ఆపకు అని సెట్టింగుల ఫైలులో ఒక లైను రాసి, మెనూ మళ్ళీ తయారు చేయించాలి. వాడికి రెండు నిమిషాల పని. ఇంట్లో మిగిలినవాళ్ళకి, నాన్న ఫొటోలన్నీ పోయాయి అని ఏడుపు.

కాబట్టి పండక్కి వచ్చిన పిల్లలు బస్సెక్కే ముందు ఒక పని చెయ్యాలంటాను. స్విచ్చి వేసి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఏం వస్తుందో చూడాలి. తర్వాత మెనూలో ఉన్న ప్రతి లైనూ ఒకసారి నొక్కి చూడాలి, ఈ మెషీను మీదే, సొంత లాప్‌టాప్ మీద కాదు. ఆ పైన ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, వెనక నిలబడి, నోరు మూసుకోవాలి. మూడోదే కష్టం.

ఈసారి మావాడు ఏం అడక్కుండానే చేశాడు. విండోస్ లైనుని మామూలుగా వచ్చేదిగా పెట్టి, అది కూడా నంబరుతో కాకుండా పేరుతో పెట్టాడు. కొత్త అప్‌డేట్లు వచ్చినప్పుడు లైన్ల వరస మారినా పేరు మారదు కాబట్టి. వద్దన్నా ఇంటర్నెట్ తీగ మాత్రం విండోసు వాడేటప్పుడు తీసెయ్యమన్నాడు, మద్దతు లేదు కదా. మామయ్యగారికి ఇప్పుడు ఎనభై నాలుగు. ఆయన మాటల ఫైలుకి ఇంటర్నెట్టుతో పనేముంది?

పేచీ వచ్చింది గడువు దగ్గర. మావాడు ముప్ఫై సెకన్లు పెట్టాడు. "అరనిమిషం నల్లతెర చూస్తూ కూర్చోడానికి నాకు అంత ఆయుష్షు లేదురా, పది చెయ్యి" అన్నారు మామయ్యగారు. పది అయితే స్విచ్చి వేసి మంచినీళ్ళకి వెళ్ళొచ్చేసరికి తనది దాటిపోతుందని చిన్నది. మంచినీళ్ళు ముందే తెచ్చుకోవచ్చు కదా అని ఆయన. ప్రస్తుతానికి ఇరవై దగ్గర ఆగింది.